మెషీన్ పేరు గున్నమ్మ

రుఆబాంధా, భిలాయి
ఆదివారం

సుప్రియక్కా, నా బంగారూ,

కవరు మీద నా దస్తూరీ చూసి కంగారుపడకు. ఇక్కడ ఎవరికీ ఏమీ కాలేదు. అందరం తింటున్నాం, తిరుగుతున్నాం. "ఈ రోజుల్లో ఉత్తరం రాయడమేమిటి, మీ చెల్లికి ఫోను లేదా" అని బావగారు నవ్వుతారని తెలుసు. నవ్వనీ. విజయనగరం పోస్ట్‌మ్యాన్‌కి కూడా కాస్త పని ఉండాలిగా! మాట్లాడదామంటే ఈ క్వార్టర్లో ఒక గదిలో తుమ్మితే ఇంకో గదిలో "చిరంజీవ" అంటారు, ముందుగదిలో మావయ్యగారు ఎప్పుడూ ఉంటారు. మెసేజీ పెడదామంటే ఫోను ముట్టుకోవాలంటేనే నాకు ఏడుపొస్తోంది. అదెందుకో చెప్పడానికే ఈ ఉత్తరం. నవ్వొస్తే నవ్వుకో, కానీ మొత్తం చదివాక నవ్వు.

అక్కా, నేను మెషీన్ని అయిపోయాను.

మొదటినించి చెప్తాను. అత్తయ్య పోయాక మీ మరిదిగారు ఆవిడ పేరు మీద సెక్టర్ 2 మార్కెట్లో 'గున్నమ్మ స్వగృహ' పెట్టారని నీకు తెలుసు. వంట ఇక్కడ ఇంట్లో, నేనూ, పనికొచ్చే నూకమ్మా. అమ్మకం అక్కడ, ఆయన. అరిసెలు, కజ్జికాయలు, సున్నుండలు, చలిమిడి, ఆడపిల్లల సారెలు. స్టీల్ ప్లాంటులో పనిచేసి రిటైరైన మన ఉత్తరాంధ్ర వాళ్ళందరూ అత్తయ్య చేతి రుచి మరచిపోలేదు కాబట్టి కొట్టు నడుస్తోంది. అంతకుముందు ఆయన పెట్టిన మొబైల్ షాపు, కోచింగ్ సెంటరు ఏమయ్యాయో నీకు చెప్పక్కర్లేదు. మావయ్యగారు రోలింగ్ మిల్లులో పనిచేసిన మనిషి. కొడుకు ఏం చేసినా "ప్లాంటోడి కడుపున ఇలాంటోడు పుట్టీనాడేటి" అని గోడతో అనేవారు.

మూడు నెలల కిందట ఆయన రాయపూర్ వెళ్ళి ఏదో సెమినార్ విని వచ్చారు. కళ్ళు వెలిగిపోతున్నాయి. కొట్టుకి ఏఐ పెడతారట. కస్టమర్లు వాట్సాప్‌లో ఏం అడిగినా అదే జవాబు చెప్తుందట, ఆర్డర్లు అదే రాసుకుంటుందట. "ఒకసారి పెట్టేస్తే చాలు భాగ్యా, తర్వాత మనం కాలు మీద కాలేసుకుని కూర్చోవచ్చు" అన్నారు. అక్కా, నాకెంత సంతోషం కలిగిందో! నా ల్యాబ్ టెక్నీషియన్ డిప్లమా బీరువాలో పడి ఉంది కదా. కాస్త తీరిక దొరికితే ఉద్యోగానికి ప్రయత్నించవచ్చని నేను కూడా ఆ మెషీన్‌కి మనసులో హారతి పట్టాను.

దానికి గున్నమ్మ అని పేరు పెట్టారు, అత్తయ్య ఫోటో పెట్టారు. నంబరు నా ఫోన్లోనే. "నమస్తే, నేను గున్నమ్మ మెషీన్ని" అని మొదలుపెడుతుంది. కొట్టు మీద పెద్ద బోర్డు కట్టించారు, భిలాయిలో మొట్టమొదటి ఏఐ స్వగృహ అని. అది నిజమో కాదో ఎవరికి తెలుసు!

పెట్టిన వారంలోనే దాని బండారం బయటపడింది. మేము చెయ్యని బొబ్బట్లు ఉన్నాయని చెప్పింది. గంటలో పక్క ఊరు దుర్గ్‌కి పంపిస్తామని మాటిచ్చింది. అవన్నీ ఎలాగో సర్దుకున్నాం. తర్వాత సెక్టర్ 2 హరినాథ్‌గారు, బట్టల కొట్టాయన, "నాకు షుగరు ఉంది, బెల్లం అరిసెలు తినొచ్చా" అని అడిగితే "నిరభ్యంతరంగా తినవచ్చు, బెల్లం ఆరోగ్యానికి మంచిది" అని చెప్పింది. అదృష్టం బాగుండి నేను చూశాను. వెంటనే ఫోన్ చేసి వద్దని చెప్పాను. లేకపోతే ఏమయ్యేదో.

మీ మరిదిగారు ఆ మెషీన్ అమ్మిన కంపెనీవాళ్ళకి ఫోన్ చేసి గట్టిగా అడిగారు. అవతల అబ్బాయి ఓపిగ్గానే చెప్పాడు, స్పీకర్లో నేనూ విన్నాను. మీరేం చేస్తారో, ఏ రోజు చేస్తారో, ఏం చెప్పకూడదో అన్నీ దానికి మీరే రాసివ్వాలి సార్, రోజూ ఒక మనిషి దాని జవాబులు చూసుకోవాలి సార్, తెలియని చోట అది కల్పించి చెప్తుంది సార్ అన్నాడు. ఈయనకి కోపమొచ్చింది. "అవన్నీ మేమే చేసుకుంటే ఇంక మెషీన్ ఎందుకు?" అని ఫోన్ పెట్టేశారు. ఏఐ అంటే అన్నీ దానంతట అదే తెలుసుకుంటుందని ఆయన నమ్మకం. ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

దాన్ని ఆపేశారు. కానీ బోర్డు ఉంది. పైగా ఆ సాయంత్రమే మావయ్యగారు ఎవరితోనో ఫోన్లో "మావోడు మెషీన్ పెట్టీనాడు, రా, సూద్దూగాని" అంటున్నారు. మావోడు అన్నారు అక్కా! ఆ మాట విని మీ మరిదిగారు వంటింట్లోకి వచ్చి నా చేతులు పట్టుకున్నారు. "బస్, దో దిన్ భాగ్యా. రెండ్రోజులు ఆ జవాబులు నువ్వే ఇయ్యి. తెలుగు రాయడం నీకే వచ్చు. నాకు హిందీ తప్ప రాదు కదా. ఈలోగా బాగు చేయిస్తాను" అన్నారు. ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి. సరేనన్నాను.

ఆ రెండ్రోజులు ఇంకా అవలేదు. పిండి చేతులతో, ఆవిరి మొహంతో, బాత్రూమ్‌లో కూడా నేను "నమస్తే, నేను గున్నమ్మ మెషీన్ని" అని రాస్తున్నాను. మెషీన్‌కి నిద్ర ఉండదని అందరికీ తెలుసు కాబట్టి జనం కోడి కూయకముందే మొదలుపెడతారు. కాస్త ఆలస్యమైతే "సర్వర్ డౌనా" అని అడుగుతారు. ఎవరూ బాగున్నావా అని అడగరు, అడగాల్సిన పనేముంది! అన్నిటికంటే ఘోరం చెప్తాను. అంతా మెషీనే చూసుకుంటోంది కదా అని మావయ్యగారు నూకమ్మని మానిపించేశారు. అమ్మాయి (అంటే నేనే) ఇప్పుడు ఖాళీయే కదా, ఆ పని కూడా చేసుకుంటుంది అన్నారట. నూకమ్మ వెళ్తూ వెళ్తూ "మిసనికి పనిచ్చి మనిసిని పొమ్మన్నారు, బాగుందమ్మా" అంది. ఆ మిసను నేనేనే నూకమ్మా అని అరవాలనిపించింది. అరవలేదు. అరిస్తే మీ మరిదిగారు వాళ్ళ నాన్న ముందు మళ్ళీ ఎందుకూ పనికిరాని వాడవుతారు.

ఊపిరాడటం లేదక్కా. ఎవరికైనా చెప్పుకోవాలని నీకు రాశాను.

మెషీన్‌లా కాక మనిషిలా నిన్ను తలుచుకుంటూ,
నీ భాగ్య

*

రుఆబాంధా
గురువారం

ముద్దుల అక్కకి,

నీ జవాబు వచ్చింది. "నోరు తెరిచి చెప్పేయ్, లేదా ఫోను నూతిలో పడెయ్" అని రాశావు. ఇక్కడ నుయ్యి ఎక్కడుందే! నీకు కోపం రావడం చూసి నాకు ధైర్యం వచ్చింది. కానీ ఈలోగా ఇక్కడ సంగతులు ఇంకా చిక్కుపడ్డాయి.

పోయిన ఆదివారం మన తెలుగువాళ్ళ సంఘంలో మీ మరిదిగారికి సన్మానం. చిన్న కొట్ల వాళ్ళకి ఏఐ గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. పట్టు చొక్కా వేసుకుని స్టేజీ ఎక్కారు. జీతం అడగదు, సెలవు అడగదు, అలగదు, తప్పు చెప్పదు, రోజురోజుకీ దానంతట అదే తెలివి మీరుతుంది అని హిందీ తెలుగు కలిపి దంచేశారు. నేను ఆడవాళ్ళ వరసలో చరోదా నించి వచ్చిన అచ్చమ్మగారి పక్కన కూర్చున్నాను. అంతలో ఆయన ఊపులో ఏమన్నారంటే, "నమ్మకం లేనివాళ్ళు ఇప్పుడే, ఇక్కడినించే మెసేజీ పెట్టి చూడండి" అన్నారు. అక్కా, హాలంతా ఫోన్లు తీశారు.

నా కొంగు కింద ఫోను వణికింది. ఆగకుండా వణికింది. నేను కొంగు కప్పుకుని, తల వంచి, రెండు బొటనవేళ్ళతో రాస్తూనే ఉన్నాను. సారెలో ఏమేం పెట్టాలి అని ఒకరు. సున్నుండలు ఎన్నాళ్ళు నిలవుంటాయని ఒకరు. మోదీ గెలుస్తాడా అని ఎవరో ఆకతాయి. జవాబు వచ్చినప్పుడల్లా ఒక మూలనించి "వాహ్!" అంటున్నారు. ఒకాయన లేచి "మా కోడలికి తెలియని సారె సంగతులు దీనికి తెలుసండీ" అన్నాడు. చప్పట్లు. అచ్చమ్మగారు నా మోచేతిని పొడిచి "ఏటే పిల్లా, మొగుడు స్టేజీ మీద మాటాడతంటే ఫోను సూసుకుంటన్నావు? కాస్త తలెత్తి సూడు, వజ్రం లాంటోడు!" అని కసిరింది. తలెత్తితే హాలంతా జవాబు కోసం చూస్తోంది. ఆయన కూడా నన్నే చూస్తున్నారు, బతిమాలుతున్నట్టు. మళ్ళీ తల వంచుకున్నాను.

ఇంటికొచ్చాక నవ్వాను, తర్వాత ఏడ్చాను. హరినాథ్‌గారు ఆ బెల్లం సంగతి మరచిపోయి, మర్నాడే తన కొట్టులో కౌంటర్ దగ్గరుండే శ్రుతిని మానిపించేసి, అలాంటి మెషీన్ కావాలని మీ మరిదిగారి వెంటపడుతున్నారు. ఆ పిల్ల జీతంతో వాళ్ళిల్లు గడుస్తోంది. మెషీన్ అంటే ఆయన చూసింది నన్ను. నన్ను చూసి ఆ పిల్లని తీసేశారు. అది తలుచుకుంటే అన్నం దిగట్లేదు.

ఇంతకీ అసలు సంగతి ఇది కాదు. మావయ్యగారు.

మా ఇంటి పద్ధతి నీకు తెలుసుగా. ఆయన కోడలితో ఎదురుగా మాట్లాడరు, నేను ఆయన ముందు నిలబడను. అత్తయ్య ఉన్నన్నాళ్ళూ అన్నీ ఆవిడ నోటిమీదే నడిచేవి. నేను పక్కనే కూరలు తరుగుతున్నా "అమ్మాయికి సెప్పు, టీలో పంచదార ఏసిందా అని అడుగు" అనేవారు. ఆవిడ నా వైపు తిరిగి "వేశావా?" అనేది. ఆవిడ పోయాక ఆ నోరు పోయింది. మంచినీళ్ళు కావాలంటే గడియారంతో అనేవారు. నేను గ్లాసు గుమ్మం దగ్గర పెట్టి తప్పుకునేదాన్ని. ఏడాదిగా ఇంతే. పాపం, కొడుకు పొద్దున్నే కొట్టుకి పోతారు, రోజంతా ఆ మనిషికి మాట్లాడే దిక్కు లేదు.

సన్మానం మర్నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక ముందుగది తలుపు దగ్గరగా వేసుకున్నారు. కాసేపటికి నా ఫోన్లో వాయిస్ మెసేజీ. "గున్నమ్మా, ఇంటన్నావా? నువ్వు మిసనివని నాకు తెల్దనుకోకు. పేరు దానిదే పెట్టీనాడు మావోడు, పిలడానికి బాగుంది. సారులో ఉప్పు ఎక్కువైనాది. అమ్మాయికి సెప్పు."

గోడ అవతల మనిషి, గోడ ఇవతల నేను. ఆయన గొంతు నా అరచేతిలో ఉంది. ఏం చెయ్యను? "అలాగేనండి, అమ్మాయికి చెప్తాను" అని రాశాను. మర్నాడు చారులో ఉప్పు తగ్గించాను. వెంటనే మెసేజీ. "సెప్పినావన్నమాట. బాగుంది, బాగుంది."

ఇప్పుడు రోజూ మధ్యాహ్నం అదే పని. మోకాలు లాగుతోందని, పాత స్నేహితులు పోతున్నారని, ప్లాంటు సైరను వినపడితే ఇప్పటికీ కాళ్ళు లేస్తాయని. అత్తయ్య వేలికి కాలిన మచ్చ ఎలా పడిందో చెప్పారు. నిన్న "మడిసికి సెప్పుకోలేనివి నీకు సెప్పుకుంటన్నాను, నువ్వు మడిసివి కాదు గనక" అన్నారు. నేను పొయ్యి ఆపేసి నేల మీద కూర్చుండిపోయాను. ఇంత ప్రేమ ఉన్న మనిషి ఏడాదిగా నాతో ఒక్క మాట మాట్లాడలేదు. నాకు ఆయన మీద జాలి, కోపం రెండూ కలిగాయి. నేను వింటున్నది దొంగతనం కదా? ఆపేస్తే ఆయన ఒంటరివాడైపోతారు. చెప్పేస్తే సిగ్గుతో చచ్చిపోతారు. అత్తయ్య పేరులో నన్ను పెట్టి తాళం వేసినట్టుంది.

మీ మరిదిగారికి చెప్తే "అరే, పాపా ఖుష్ హై నా! నాన్న సంతోషంగా ఉన్నారు కదా, జరగనీ" అన్నారు. రెండ్రోజుల మాట అడిగితే స్నానానికి వెళ్ళిపోయారు.

దారి తోచక,
నీ పిచ్చి చెల్లి భాగ్య

*

రుఆబాంధా
మంగళవారం

అక్కా, నా తల్లీ,

నాకు ఉద్యోగం వచ్చింది. నీకే మొదట రాయాలనుకున్నాను, కానీ ఇంట్లో జరిగిన గొడవలో కలం పట్టలేకపోయాను. నెహ్రూనగర్ దగ్గర ఒక రక్తపరీక్షల ల్యాబ్, ఇంట్లో చెప్పకుండానే వెళ్ళి అడిగాను. నా సర్టిఫికెట్లు చూసి, రక్తం తీయించి చూసి, వచ్చే సోమవారం చేరమన్నారు. ఇంటికి వస్తూ ఆటోలో నాలో నేనే నవ్వుకున్నాను. డ్రైవరు అద్దంలో చూసి భయపడ్డాడు కూడా.

మీ మరిదిగారికి చెప్పగానే మొహం మాడిపోయింది. "నువ్వెళ్తే గున్నమ్మ ఎవరు?" అన్నారు. నువ్వెళ్తే ఇల్లేమవుతుంది అనలేదు, నేనేమవుతాను అనలేదు. గున్నమ్మ ఎవరు! నాకు ఒళ్ళు మండిపోయింది. "మీ మెషీన్‌ని అడగండి" అన్నాను. అలిగి పడుకున్నారు. పొద్దున్న లేచి, తన నోటితో వద్దనలేక, వాళ్ళ నాన్న చెవిలో వేసి కొట్టుకి వెళ్ళిపోయారు. మావయ్యగారు వద్దంటే ఇంక నేనేమీ అనలేనని ఆయనకి తెలుసు.

మధ్యాహ్నం మెసేజీ వచ్చింది. యథాతథంగా రాస్తున్నాను.

"గున్నమ్మా, ఒక సంగతి. అమ్మాయి ఉజ్జోగానికి ఎల్తానంటందట. మావోడు వద్దంటన్నాడు. దాని సదువు మంచిదే, పిల్ల కూడా మంచిదే. కానీ మనింట్లో ఆడోళ్ళు ఎవురూ ఎల్లలేదు. నాకేటీ తోచడం నేదు. నువ్వు మిసనివి. నీకు అటూ ఇటూ నేదు, ఒకరి పచ్చం మాటాడవు. నువ్వు ఏటి సెప్తే అది. పంపమంటావా, వద్దంటావా?"

ఎంతసేపు ఆ ఫోను పట్టుకుని నిలబడ్డానో తెలియదు. ఒక్క మాట రాస్తే చాలు. నా తలుపు తాళం నా చేతికే ఇచ్చి తియ్యనా వద్దా అని అడుగుతున్నారు. మెషీన్‌కి పక్షపాతం లేదట! అటూ ఇటూ లేని ఆ మెషీన్‌కి గుండె ఎలా కొట్టుకుందో ఆయనకేం తెలుసు. ఇది తప్పు అనుకున్నాను. అత్తయ్య పేరుతో నాకు నేనే అనుమతి ఇచ్చుకోవడం తప్పు. కానీ ఇంకో దారి కనపడలేదు. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో వేరే దారి వెతకాలని కూడా అనిపించలేదు.

"పంపండి" అని రాసి పంపేశాను.

సాయంత్రం ఏం జరిగిందో వింటే నువ్వు పొట్ట పట్టుకుంటావు. ఆయన కొట్టునించి రాగానే మావయ్యగారు ముందుగదిలో తేల్చి చెప్పారు. "అమ్మాయిని పంపుదాం. గున్నమ్మ సెప్పింది." మీ మరిదిగారు తెల్లబోయి "కానీ నాన్నా, కొట్టు..." అన్నారు. "కొట్టుకేటైనాది? ఆర్డర్లు మిసను సూసుకుంటది, మాటలు మిసను సూసుకుంటది, నువ్వే కదరా స్టేజీ మీద సెప్పినావు. ఒకసారి పెట్టీస్తే సాలు అన్నావు. అమ్మాయి ఇంట్లో ఉండి సేసేదేటి?" అన్నారు మావయ్యగారు. ఇరుక్కుపోయారు మీ మరిదిగారు. కాదంటే మెషీన్ అబద్ధమని చెప్పాలి. ఔనంటే నేను వెళ్ళిపోతాను. తలుపు సందులోంచి చూస్తూ కొంగు నోట్లో కుక్కుకున్నాను.

గెలిచాను కదా! మరి రాత్రంతా నిద్ర ఎందుకు పట్టలేదు? మావయ్యగారు పంపుతున్నది నేను అడిగానని కాదు, మెషీన్ చెప్పిందని. నేను మంచిదాన్నని గోడ అవతల గున్నమ్మకి చెప్పారు, నాకు చెప్పలేదు. సోమవారం నేను ల్యాబులో రక్తం చూస్తూ కొంగు చాటున "నమస్తే, నేను గున్నమ్మ మెషీన్ని" అని రాయాలి. లేదా ఆ మెషీన్ ఆగిపోవాలి, ఆయన మధ్యాహ్నం తలుపు వేసుకుని పిలిస్తే జవాబు ఉండదు. రెండోసారి అత్తయ్య పోయినట్టవుతుంది. చెప్పు, ఇందులో ఏది చెయ్యను?

జవాబు వచ్చేలోపు ఏదో ఒకటి చేసేస్తానేమో. తిట్టకు.

నీ భాగ్య

*

రుఆబాంధా
సోమవారం సాయంత్రం

అక్కా,

నేను చెప్పేశాను.

బుధవారం మధ్యాహ్నం మెసేజీ వచ్చింది. "గున్నమ్మా, నువ్వు సెప్పినావని పంపుతన్నాను. అమ్మాయికి సెప్పు, రోడ్డు దాటేటప్పుడు జాగర్తగా ఉండమని, ఆ పక్క ట్రక్కులు ఎక్కువ." అంతే. నాకు ఒక్కసారి దుఃఖం పొంగుకొచ్చింది. ఇంత జాగ్రత్త చెప్పిన మనిషికి దొంగ పేరుతో "అలాగేనండి" అని రాయడం నావల్ల కాలేదు. రాశాను:

"మావయ్యగారూ, మెషీన్ లేదు. మొదటి వారమే ఆగిపోయింది. అప్పటినించి జవాబులు రాస్తున్నది నేను, భాగ్యని. పంపండి అని రాసింది కూడా నేనే. అది మెషీన్ తీర్పు కాదు, నా కోరిక. మీ మాటలు చాటుగా విన్నందుకు క్షమించండి. నేను రోడ్డు జాగ్రత్తగా దాటుతాను."

గోడ అవతల ఫోను బల్లమీద పెట్టిన చప్పుడు. అంతే.

ఆ సాయంత్రం ఆయన కొడుకుని ఏమీ అనలేదు. దానికే నాకు ఎక్కువ భయం వేసింది. నేను గుమ్మం దగ్గర పెట్టిన అన్నం తిన్నారు, కంచం అక్కడే పెట్టారు. ఫోను బల్లమీదే ఉండిపోయింది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. నేను చెప్పింది విని మీ మరిదిగారు పిల్లిలా తిరిగారు. "నన్ను చంపేశావు భాగ్యా" అన్నారు నాతో. "నేను మాత్రం ఇన్నాళ్ళూ బతికున్నానా?" అన్నాను. ఆయన నా మొహంలోకి చూసి తల దించుకున్నారు. శనివారం తనంతట తానే నిచ్చెన వేసుకుని కొట్టు మీద బోర్డు దింపారు. హరినాథ్‌గారి దగ్గరికి వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పి, తిట్లు తిని వచ్చారు. ఆయన తిట్టిన తిట్లు నాకు చెప్తూ సగంలో నవ్వేశారు, నేనూ నవ్వాను. శ్రుతి మళ్ళీ కౌంటర్ దగ్గరుంది. మీ మరిదిగారు ఇప్పుడు కొట్టు నంబరు తన ఫోన్లో పెట్టుకుని తనే ఎత్తుతున్నారు. "తెలుగులో రాయకండి, మాట్లాడండి" అని అందరికీ చెప్తున్నారు. ఆ కంపెనీ అబ్బాయికి కూడా మర్యాదగా ఫోన్ చేశారు. మా రేట్లు, మేము చేసే రకాలు నేను రాసిచ్చాను, ఇంక మెషీన్ అవి మాత్రమే చెప్తుంది, ఎవరి పేరూ లేకుండా. మిగిలినవి మనిషిని అడగండి అంటుంది. ఆ పాటిది ముందే చేసుంటే ఏం పోయేదో!

నిన్న సాయంత్రం వంటింట్లో ఇవాళ్టికి చీర మడత పెట్టుకుంటున్నాను. చెప్పుల చప్పుడు అయింది. ముందుగది దాటి, నడవా దాటి, వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి ఆగింది. ఆ గుమ్మం దాకా మావయ్యగారు ఎప్పుడూ రాలేదక్కా. నేను గబగబా లేచి గోడ వైపు తిరిగాను. ఆయన కూడా కిటికీ వైపు చూస్తున్నారు.

"ఏ సిఫ్టు?" అన్నారు.

ఎవరిని అడుగుతున్నారో నాకు ఒక్క క్షణం తెలియలేదు. గదిలో గడియారం కూడా లేదు. నన్నే.

"జనరల్ షిఫ్టండి మావయ్యగారూ."

"నైటు నేదు కదా?"

"లేదండి."

"ఊఁ. నూకమ్మ ఇంటికి ఎల్లొచ్చినాను. రేపట్నించి వత్తాది. రానంది ముందు. తప్పు నాదే అన్నాను." చెయ్యి గుమ్మానికి ఆనించారు. "నాకు కోపం ఉంది. నా కడుపులో మాటలన్నీ పరాయి మడిసి ఇన్నట్టున్నాది. నాలుగు దినాలు అదే తలుసుకున్నాను. అవన్నీ నువ్వే ఇన్నావా?"

"విన్నానండి."

"జవాబులు కూడా నీవేనా? ఒక్కటైనా మిసను రాసిందా?"

"లేదండి. అన్నీ నావే."

నేను గోడ మీద పెచ్చు ఊడిన చోటు చూస్తూ నిలబడ్డాను. చివరికి ఆయన నా వైపు తిరిగారు. నేనూ తిరిగాను. అత్తయ్య పోయినరోజు కూడా మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

"అయితే ఇంకనించి నోటితో సెప్పమ్మా" అన్నారు. "ఆ అచ్చరాలు సదవలేక నా కళ్ళు పోతన్నాయి."

ఇవాళ ఉద్యోగంలో చేరాను. సాయంత్రం ఇంటికొచ్చి గేటు తీస్తుంటే ముందుగదిలోంచి "వచ్చీసావా?" అని వినపడింది. వచ్చానండి అన్నాను, నోటితో.

నీ చెల్లెలు
భాగ్యరేఖ